ఇంట్లో ఎనిమా డబ్బా



ఆదిలాబాద్‌కూ నిర్మల్‌కూ నడుమ, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది ఇచ్చోడ. బజార్‌హత్నూర్, సిరికొండ, నేరడిగొండ వైపు గూడేలకూ తండాలకూ ఏది కావాలన్నా ఇచ్చోడకే రావాలి. పత్తి అమ్ముకోవడానికి, అంగడి చేసుకోవడానికి, దవాఖానకు చూపించుకోవడానికి. ఇప్పుడు అక్కడికి కొరియర్‌లో వచ్చే సామాన్లలో కొత్తది ఒకటి చేరింది. ఓ లీటరు పైన నీళ్ళు పట్టే డబ్బా, దానికి పొడుగాటి రబ్బరు గొట్టం, నీళ్ళు ఆపడానికో చిన్న ట్యాపు, కొసకు సన్నటి నాజిల్. ఎనిమా డబ్బా. ఫోన్లో వీడియో చూసి తెప్పించుకుంటున్నారు. తెచ్చుకున్నవాళ్ళు పక్కింటివాళ్ళకు చెప్పరు, డాక్టరుకు అసలే చెప్పరు.

నేను ఈ జిల్లా సర్కారు దవాఖానల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ ఆడవాళ్ళు నన్ను పక్కకు తీసుకుపోయి మెల్లగా అడుగుతారు. "సిస్టరమ్మా, రోజూ పొద్దుగాల ఎనిమా తీసుకుంటే కడుపులున్న విషమంతా పోతదట. మొటిమలు పోతయట, షుగర్ దిగుతదట, బరువు తగ్గుతరట. నిజమేనా?" ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడేవాళ్ళు ఇంకెందరో ఉంటారు. వాళ్ళకు రేడియోలో చెప్తేనే నయం, ఎవరి ఇంట్లో వాళ్ళు వినొచ్చు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఎనిమా మంచి సాధనం. గట్టిపడ్డ మలం కిందికి దిగక నానా యాతన పడే మనిషికి అది అరగంటలో ఇచ్చే ఉపశమనం నేను కళ్ళారా చూశాను. కానీ అది రోజూ పళ్ళు తోముకున్నట్టు చేసుకునే పని కాదు. జబ్బు లేని మనిషి ఆరోగ్యం కోసమని ప్రతి పొద్దూ పేగులు కడుక్కోవాల్సిన అవసరం లేదు. కడుక్కుంటే మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు, కీడు జరిగినవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఇంత తెగేసి చెప్తే కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. మన తెలుగువాళ్ళకు ఎనిమాతో ఉన్న పరిచయం ఫోన్లో వీడియోలతో మొదలైంది కాదు. ఆయుర్వేదంలో పంచకర్మల్లో వస్తి ఒకటి. చరక సంహితలో దానికోసం పెద్ద భాగమే ఉంది. పూర్వం జంతువుల మూత్రాశయాన్ని శుభ్రం చేసి, దానికి గొట్టం కట్టి, కషాయాలూ నూనెలూ లోపలికి పంపేవారు. అయితే అది ఎవరికి పడితే వారికి ఇచ్చేది కాదు. రోగి బలం, వయసు, జబ్బు, కాలం చూసి, ముందు ఏం చేయాలో తర్వాత ఏం తినాలో నియమం పెట్టి వైద్యుడు ఇచ్చేవాడు. ఎవరికి ఇవ్వకూడదో కూడా రాసి పెట్టారు. ఆ వివేకం డబ్బాతో పాటు కొరియర్‌లో రాదు.

ప్రకృతి చికిత్స సంగతి మరీ దగ్గరిది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూయీ కూనే అనే ఆయన నీటి చికిత్స గురించి రాసిన పుస్తకాన్ని 1894లో వెంకటచలపతి శర్మ గారు తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి చికిత్స ఉద్యమం ఆ తెలుగు అనువాదంతోనే మొదలైందని చెప్తారు. హిందీ, ఉర్దూల్లోకి ఆ పుస్తకం 1904లో గానీ రాలేదు. తర్వాత భీమవరంలో, హైదరాబాద్‌ అమీర్‌పేట దగ్గర ప్రకృతి చికిత్సాలయాలు వచ్చాయి. మన కాలానికి వస్తే, టీవీలో డాక్టర్ మంతెన సత్యనారాయణ రాజు గారి మాటలు విని ఉప్పు తగ్గించినవాళ్ళు, లేవగానే నీళ్ళు తాగడం మొదలుపెట్టినవాళ్ళు, పచ్చి కూరగాయలు తినడం నేర్చుకున్నవాళ్ళు మన జిల్లాలోనూ ఉన్నారు. ఎనిమా డబ్బా పేరు చాలా ఇండ్లలో మొదట వినపడింది కూడా ఆ ప్రకృతి జీవన విధానం మాటల్లోనే. ఆ విధానంలో తిండి గురించి, నీళ్ళ గురించి, నడక గురించి చెప్పిన మాటలకు నేను చేతులెత్తి మొక్కుతాను. కష్టమైన ఆ మాటలన్నీ వదిలేసి, సులువుగా ఉందని డబ్బా ఒక్కటే పట్టుకోవడం దగ్గరే నా అభ్యంతరం.

గాంధీగారి ఆత్మకథ చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ఆయనకు మలబద్ధకం, తలనొప్పి బాధ. అప్పుడప్పుడు విరేచనానికి మందు వేసుకుని నెట్టుకొచ్చేవారు. ఇంగ్లండులో కొందరు పొద్దుటి తిండి మానేసే సంఘం పెట్టుకున్నారని చదివి తానూ మానేశారు. తలనొప్పి పోయింది, మలబద్ధకం మాత్రం పోలేదు. కూనే చెప్పిన తొట్టి స్నానాలు చేశారు, కొంత నయమనిపించింది గానీ పూర్తిగా పోలేదు. ఆఖరికి అడాల్ఫ్ జుస్ట్ పుస్తకం చదివి పొట్ట మీద తడి మట్టి పట్టీ వేసుకున్నారు. అంత పెద్దమనిషి తన కడుపు సంగతి నలుగురికీ తెలిసేలా రాసుకున్నాడు, మనం మాత్రం డాక్టరు ముందు కూడా నోరు విప్పం. ఆయన ఉపవాసాల గురించి 1925లో 'యంగ్ ఇండియా' పత్రికలో రాసిన నియమాల్లో ఎనిమా కూడా ఉంది. ఉపవాసం ఉన్నన్నాళ్ళూ తీసుకొమ్మన్నారు, రోజూ ఎంత మలినం బయటికి వస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారన్నారు.

ఆ ఆశ్చర్యం దగ్గర కొంచెంసేపు ఆగుదాం. డబ్బా కొన్న ప్రతివాళ్ళనూ నమ్మించేది అదే. "ఏం తినలేదు సిస్టరమ్మా, అయినా ఎంత వచ్చిందో చూడాలె" అంటారు. వస్తుంది. ఎందుకంటే మలం అంటే తిన్నదాంట్లో మిగిలిన పిప్పి ఒక్కటే కాదు. దాంట్లో నీళ్ళు తీసేస్తే మిగిలేదాంట్లో పెద్ద వాటా సూక్ష్మజీవులదే. వాటితోపాటు పేగు లోపలి పొర నుంచి రాలిన కణాలు, పేగు తన రక్షణ కోసం ఊరించుకునే జిగురు. పేగు లోపలి పొర మూడు నాలుగు రోజులకోసారి కొత్తగా తయారవుతూనే ఉంటుంది, పాతది రాలుతూనే ఉంటుంది. మనం తిన్నా తినకపోయినా ఈ పని ఆగదు. నీళ్ళు పెట్టి కడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి రావడం పేగు బతికి ఉందనడానికి గుర్తు. అది ఏళ్ళ తరబడి పేరుకున్న విషం కాదు. పేగు గోడలకు పాత మలం పొరలు పొరలుగా అంటుకుని ఉంటుందని వీడియోల్లో బొమ్మలు చూపిస్తారు. పేగు లోపలికి కెమెరా పంపి రోజూ చూసే డాక్టర్లకు అలాంటి పొరలు కనపడవు.

విషం మాట కూడా పాతదే. 19వ శతాబ్దం చివర ఫ్రాన్సులో బుషార్ అనే వైద్యుడు, పేగుల్లో కుళ్ళిన మలం నుంచి విషం రక్తంలోకి ఎక్కి మనిషిని రోగిష్టి చేస్తుందన్నాడు. నోబెల్ బహుమతి అందుకున్న మెచ్నికాఫ్ కూడా పెద్దపేగును అనుమానంగానే చూశాడు. లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్ ఇంకో అడుగు ముందుకేసి, మలబద్ధకం ఉన్నవాళ్ళకు ఏకంగా పెద్దపేగునే కోసి తీసేశాడు. అంత పెద్దవాళ్ళు నమ్మిన మాట మరి. 1919లో అమెరికాలో వాల్టర్ అల్వారెజ్ అనే డాక్టరు ఒక చిన్న ప్రశ్న వేశాడు. మలబద్ధకంతో తల బరువెక్కి, ఒళ్ళు మందగించి, చికాకుగా ఉన్న మనిషికి దొడ్డికి పోయి రాగానే నిమిషాల్లో హాయిగా ఉంటుంది. రక్తంలోకి విషం ఎక్కి ఉంటే అంత తొందరగా ఎలా దిగుతుంది? ఆ తర్వాత 1922లో డొనాల్డ్‌సన్ అనే పరిశోధకుడు ఆరోగ్యంగా ఉన్న మనుషుల పురీషనాళంలో దూది కూరి చూశాడు. అదే తలనొప్పి, అదే మందకొడితనం, అదే చికాకు. దూది తీసేయగానే తగ్గాయి. పత్తి పండించే మన జిల్లావాళ్ళకు వేరే చెప్పాలా, దూదిలో విషం ఏముంటుంది? పేగు చివర నిండుగా సాగి ఉంటే నరాల ద్వారా కలిగే ఇబ్బంది అది. బాధ నిజమే, దానికి విషమే కారణమన్న మాటే నిజం కాదు. రక్తంలో ఉండకూడనివాటిని బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు చేస్తున్నాయి. వాటికి మనం చేయగల సాయం నీళ్ళు తాగడం, సారా మానడం, అక్కర లేకుండా నొప్పి మాత్రలు మింగకపోవడం.

మా రోజుల్లో కాన్పుకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ ముందు సబ్బు నీళ్ళ ఎనిమా ఇచ్చేవారు. అది పద్ధతి. నొప్పులతో మెలికలు తిరుగుతున్న మనిషిని లేపి, ఎనిమా ఇచ్చి, మరుగుదొడ్డికి నడిపించేవారు. ఈ రేడియో వింటున్న అవ్వలకు గుర్తుండే ఉంటుంది. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు కాన్పులో ఏవి చేయాలో ఏవి మానాలో ఒక జాబితా ఇచ్చింది. అందరికీ ఎనిమా ఇవ్వడాన్ని మానాల్సినవాటిలో పెట్టింది. ఇస్తే బిడ్డకు జబ్బు సోకడం తగ్గుతుందనుకున్నారు, పరీక్షించి చూస్తే తగ్గలేదు. దవాఖానల్లోనే మానేసినదాన్ని, ఇప్పుడు ఇంట్లో రోజువారీ అలవాటుగా మొదలుపెడుతున్నారు.

కీడు సంగతి అన్నాను కదా. పెద్దపేగు చేసే ముఖ్యమైన పని నీళ్ళనూ లవణాలనూ ఒంట్లోకి తిరిగి పీల్చుకోవడం. మామూలు నీళ్ళు ఎక్కువగా, మళ్ళీ మళ్ళీ పోస్తే ఆ నీళ్ళు రక్తంలోకి చేరి సోడియం పలచబడుతుంది. పిల్లలకూ ముసలివాళ్ళకూ అది తొందరగా జరుగుతుంది. వాంతులు, మత్తు, మూర్ఛ దాకా పోవచ్చు. అమెరికాలో కాఫీ కషాయంతో పదేపదే ఎనిమా తీసుకున్న ఇద్దరు లవణాల తేడాతో చనిపోయారని 1980లో వైద్య పత్రికలో రాశారు. కొలరాడోలో ఒక చికిత్సా కేంద్రంలో పేగులు కడిగే యంత్రాన్ని సరిగా శుభ్రం చేయకపోవడంతో 1978 నుంచి 1980 దాకా కనీసం 36 మందికి అమీబా జబ్బు పట్టుకుంది. పది మందికి పెద్దపేగు తీసేయాల్సి వచ్చింది, వాళ్ళలో ఆరుగురు బతకలేదు. ఒకే నాజిల్‌ను ఇంట్లో నలుగురూ వాడుకుంటే జరిగేది కూడా ఆ తరహా ప్రమాదమే.

మందుల షాపుల్లో ఫాస్ఫేట్ ఎనిమా అని తయారుగా ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసా దొరుకుతుంది. నీళ్ళ డబ్బా కంటే ఇది తేలికని కొంటారు. అది డాక్టరు రాస్తేనే వాడాలి. ఒక రోజులో ఒకటికి మించి వాడితే మూత్రపిండాలకూ గుండెకూ ముప్పు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ మందులు వాడే పెద్దవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. రెండేళ్ళలోపు పిల్లలకు అది అసలే వద్దు. నా మాట అడిగితే, ఏ వయసు పిల్లలకైనా డాక్టరు చెప్పకుండా ఏ రకం ఎనిమా ఇవ్వొద్దు.

ఇంకొన్ని ఉన్నాయి. సబ్బు నీళ్ళు పేగు లోపలి పొరను కాలుస్తాయి. నిమ్మరసం, ఉప్పు గల్లు, వేపాకు రసం, కాఫీ, ఏదీ పోయొద్దు. వేడి నీళ్ళు పోసుకుని లోపల బొబ్బలెక్కినవాళ్ళు ఉన్నారు. చేతికి వెచ్చగా తగిలిందే పేగుకు వేడి కావచ్చు, అందుకే గోరువెచ్చన అంటే ఒంటి వేడికి మించకూడదు. నాజిల్ గట్టిగా తోస్తే పేగుకు చిల్లు పడొచ్చు. మొలలు, చీలికలు ఉన్నవాళ్ళకు రక్తం కారుతుంది. రోజూ నీళ్ళు పోసే అలవాటైతే, తాను నిండిన కబురు పేగు మెదడుకు పంపడమే తగ్గిపోయి, ఎనిమా లేనిదే మోషన్ రాని స్థితికి వచ్చినవాళ్ళు నా దగ్గరకు వచ్చారు. మలబద్ధకం పోవాలని మొదలుపెట్టినవాళ్ళే వాళ్ళు.

అసలు రోజూ మోషన్ కాకపోతే జబ్బనుకోవడం ఈ కొనుగోళ్ళకు మూలం. రోజుకు మూడుసార్లు మొదలు వారానికి మూడుసార్ల దాకా, ముక్కకుండా, నొప్పి లేకుండా, మెత్తగా అయితే అది మామూలే. రెండో రోజు కాలేదని కంగారుపడనక్కర లేదు. గట్టిగా గోలీల్లా రావడం, గట్టిగా ముక్కాల్సి రావడం, అయినా ఇంకా లోపల ఉన్నట్టు అనిపించడం, ఇవి మలబద్ధకం గుర్తులు.

మన ఇచ్చోడ వైపు మలబద్ధకం ఎందుకు పెరుగుతోందో నాకు కనిపించినంత చెప్తాను. నాకు ముఖ్యంగా చెప్పాలనిపించేది ఇదే.

ఈ నేల జొన్న నేల. గోండు గూడేల్లో జొన్న జావ, తక్కిన ఇండ్లలో జొన్నరొట్టె, గట్క, అంబలి. ఒకప్పుడు ఇక్కడ అన్నం పండుగ తిండి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టే మాట నా నోట రాదు. చేలల్లో జొన్న స్థానంలో పత్తి వచ్చింది, తర్వాత సోయా వచ్చింది. చేన్లో లేనిది కంచంలోకి కూడా రాకుండా పోయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పదార్థాల పట్టిక చూస్తే, 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాముల పైన ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. కందిపప్పులో 9 గ్రాములు. రోజుకు మనిషికి సుమారు 30 గ్రాముల పీచు కావాలి. మూడు పూటలా తెల్లన్నం, పలుచటి చారు, పచ్చడి తింటే అది ఎక్కడి నుంచి వస్తుంది? పూటకు రెండు జొన్నరొట్టెలు, పప్పు, పుంటికూరో తోటకూరో చిక్కుడుకాయో పెట్టుకుంటే రోజు పీచులో సగం దాకా ఆ పూటలోనే వచ్చేస్తుంది. యాసంగిలో మన జిల్లాలో ఇప్పటికీ జొన్న వేస్తున్నారు. పండించిందంతా అమ్మేయకుండా ఇంటికి రెండు సంచులు ఉంచుకోమని రైతు అన్నలను అడుగుతున్నాను.

రెండోది నీళ్ళు. మన దగ్గర ఎండలు 45 డిగ్రీలు దాటే వేసవులు ఉంటాయి. చెమటతో పోయిన నీళ్ళకు సరిపడా తాగకపోతే పెద్దపేగు మలంలోని తడిని ఇంకా పీల్చేసుకుంటుంది. అయితే ఆడవాళ్ళు తాగకపోవడానికి కారణం దాహం లేక కాదు. పత్తి ఏరే కాలంలో చీకటితో లేచి, వంట చేసి, సద్ది కట్టుకుని ఆటోలో చేనుకు పోతారు. అక్కడ చాటు ఉండదు. బయటికి పోవాల్సి వస్తుందని పొద్దున్నుంచి నీళ్ళు తాగరు, వచ్చినదాన్ని ఆపుకుంటారు. పొద్దున తిన్నాక పేగు దానంతట అదే కదులుతుంది, ఆ ఘడియే మోషన్‌కు సరైన వేళ. ఆ వేళకు వాళ్ళు ఆటోలో ఉంటారు. ఇలా ఏళ్ళ తరబడి ఆపుకుంటే, పిలిచినా పలకని మనిషిని పిలవడం మానేసినట్టు, పేగు కూడా పిలవడం మానేస్తుంది. ఈ అక్కలకు కావాల్సింది డబ్బా కాదు. ఇంట్లో నీళ్ళున్న మరుగుదొడ్డి కావాలి, పొద్దున్నే పది నిమిషాల వెసులుబాటు కావాలి. ఆ పది నిమిషాలు దొరకాలంటే పొయ్యి దగ్గర పని ఇంకొకరు అందుకోవాలి. అన్నలూ, ఇది మీకు చెప్తున్నాను.

మూడోది మాత్రలు. గర్భిణులకు ఆశ కార్యకర్తలు ఇచ్చే ఐరన్ మాత్రలతో మలం నల్లగా, గట్టిగా అవుతుంది. దానికి భయపడి మాత్రలు పారేసినవాళ్ళున్నారు, ఎవరికీ చెప్పకుండా ఎనిమా తీసుకోబోయినవాళ్ళున్నారు. రెండూ వద్దు. మాత్ర వేసుకుంటూనే, ఎప్పుడు వేసుకోవాలో, దాంతోపాటు ఏం తినాలో మీ ఏఎన్‌ఎంను అడగండి. కొన్ని బీపీ మందులు, గట్టి నొప్పి మందులు, కాల్షియం కూడా మలాన్ని గట్టి చేస్తాయి. థైరాయిడ్ తగ్గినా, షుగర్ ముదిరినా పేగు నెమ్మదిస్తుంది. అందుకే కొత్తగా మలబద్ధకం వచ్చినవాళ్ళు వేసుకునే మాత్రలన్నీ సంచీలో వేసుకుని దవాఖానకు రావాలి.

తిండి, నీళ్ళు, నడక, గొంతుక్కూర్చునే అలవాటు, వీటితో నెల రోజుల్లో తేడా కనిపించాలి. కుర్చీ దొడ్డి వాడేవాళ్ళు కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్ళు పైకి వచ్చి దారి సాఫీ అవుతుంది. ఇసబ్‌గోల్ పొట్టు వాడితే పెద్ద గ్లాసెడు నీళ్ళతోనే తాగాలి. నీళ్ళు లేకుండా మింగితే అదే అడ్డుపడుతుంది. దానికీ లొంగకపోతే డాక్టరు రాసే సిరప్‌లు, పొడులు ఉన్నాయి, నెలల తరబడి వాడినా ఇబ్బంది లేనివి కూడా ఉన్నాయి. నెలకోసారి ఇంటిల్లిపాదికీ ఆముదం తాగించే పాత ఆచారం చాలా ఇండ్లలో పోయింది. దాన్ని మళ్ళీ తేవద్దు, పిల్లలు నీరసించిపోతారు.

ఇన్ని చేసినా, ఎప్పుడైనా ఒకసారి గట్టిగా పట్టేసి, డాక్టరు ఇంట్లోనే ఎనిమా తీసుకోమంటే ఎట్లా తీసుకోవాలో చెప్తాను. కాచి చల్లార్చి, గోరువెచ్చగా చేసిన నీళ్ళు, అర లీటరుతో మొదలు. ఎంత పోయాలో డాక్టరు చెప్పిన కొలతే. ముందు ట్యాపు తిప్పి గొట్టంలో గాలి పోనివ్వాలి. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, కుడి మోకాలు పొట్ట వైపు ముడుచుకోవాలి. నాజిల్‌కు కొబ్బరినూనో వాజలీనో రాసి, నోటితో శ్వాస వదులుతూ మెల్లగా మూడు అంగుళాల లోపే పెట్టాలి. అడ్డు తగిలితే తోయొద్దు. డబ్బా మంచం మీద నుంచి మూర ఎత్తుకు మించి ఎత్తొద్దు, ఎత్తు పెరిగిన కొద్దీ నీళ్ళు జోరుగా పోయి కడుపు పట్టేస్తుంది. నొప్పి వస్తే ట్యాపు కట్టేయాలి. ఐదు పది నిమిషాలు ఆపుకుని లేవాలి, తల తిరగొచ్చు కాబట్టి తలుపు లోపల గడియ పెట్టొద్దు. అయిపోయాక గొట్టం, నాజిల్ సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టాలి. ఒకరి నాజిల్ ఇంకొకరికి వద్దు.

కడుపునొప్పి ఎందుకో తెలియనప్పుడు ఎనిమా ముట్టుకోవద్దు. అది అపెండిసైటిస్ కావచ్చు, పేగు మెలిక పడి ఉండొచ్చు. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే 108కి ఫోన్ చేసి ఆదిలాబాద్ రిమ్స్‌కు పోవాలి. మలంలో రక్తం, తెలియకుండా బరువు తగ్గడం, నడివయసు దాటాక మోషన్ అలవాటు ఉన్నట్టుండి మారడం, వీటిలో ఏది కనిపించినా పరీక్ష చేయించుకోవాలి. మొలలే అనుకుని ఇంట్లో నీళ్ళు పోసుకుంటూ కూర్చుంటే పేగు క్యాన్సర్ దొరికే వేళకు ఆలస్యమైపోతుంది. గర్భిణులు, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, ఈమధ్యే పొట్టకో పేగుకో ఆపరేషన్ అయినవాళ్ళు తమంతట తాము తీసుకోకూడదు.

ఆఖరుకు, మంచాన పడ్డ పెద్దవాళ్ళున్న ఇండ్లవాళ్ళకు ఒక మాట. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి ఎముక విరిగినవాళ్ళు కదల్లేరు, సరిగా తినలేరు, నీళ్ళు అడగలేరు. వాళ్ళ పేగు చివర మలం రాయిలా గట్టిపడుతుంది. ఎనిమా నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటివాళ్ళకే. అయితే ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆ గడ్డకు పైనున్న పలుచటి మలం పక్కల నుంచి జారి, బట్టలు తడుస్తూ ఉంటాయి. ఇంట్లోవాళ్ళు నీళ్ళ విరేచనాలు అనుకుని, అవి కట్టే మాత్ర తెచ్చి వేస్తారు. లోపలిది ఇంకా బిగుసుకుంటుంది. నాలుగైదు రోజులుగా సరైన మోషన్ లేక, తర్వాత ఉన్నట్టుండి కొద్దికొద్దిగా పలుచగా జారుతుంటే, పొట్ట బిర్రుగా ఉంటే, తిండి సయించకపోతే, మాత్ర వేయకండి. ఊళ్ళో ఏఎన్‌ఎంకు కబురు పెట్టండి, లేదా దవాఖానకు తీసుకురండి. వేలితో పరీక్షిస్తే నిమిషంలో తెలిసిపోతుంది. ఎనిమా ఇవ్వాలా, ఇస్తే ఏది ఇవ్వాలి, ముందు గడ్డను మెత్తబరచాలా అన్నది చూసినవాళ్ళు చెప్తారు. మొదటిసారి వాళ్ళ చేతుల మీదుగా చేయించి, పక్కన నిలబడి నేర్చుకోండి. ఒకసారి ఇచ్చాక ఏమీ రాకపోతే అదే రోజు రెండోసారి మీరే ఇవ్వకండి, మళ్ళీ చూపించండి.